రోగానికి మేత

పోయిన శుక్రవారం అరకు సంతలో ఒక ముసలామెతో ఊరికే గొడవ పెట్టుకున్నాను. ఆమె ఎవరో నాకు తెలియదు. అల్లం రాశి పక్కన గొంతుక్కూర్చుని చుట్ట వెలిగించింది, ఒకటి రెండు దమ్ములు లాగింది, తరవాత చుట్టని తిప్పి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసేసింది. అంతే! చేతిలో బీన్స్ సంచీ అక్కడే పడేసి, "తియ్యి! ముందు అది బయటికి తియ్యి!" అని అరిచాను. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఈ మనిషికేటైనాది?" అని పక్కామెని అడిగింది. సంతంతా నావైపు తిరిగింది. సంచీ ఎత్తుకుని తలొంచుకుని వచ్చేశాను.

దాన్ని అడ్డపొగ అంటారు. శృంగవరపుకోటలో మా మామ్మా అలాగే తాగేది. నిప్పు లోపల ఉంటే గాలికి ఆరదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది, చంటిపిల్లని ఎత్తుకున్నా నుసి మీద పడదు, రెండు చేతులా పని చేసుకోవచ్చు అని ఇన్ని సుఖాలు చెప్పేవారు. సెగ మాత్రం రోజూ అంగిటికి తగులుతూనే ఉంటుంది. ఏళ్లు గడిచాక అక్కడ ఒక తెల్లటి పొర, తరవాత పుండు, తరవాత మా ఆసుపత్రి. నాకు కోపం ముక్కుమీద ఉంటుందని మా ల్యాబ్‌లో అందరికీ తెలుసు గానీ, ఆ రోజు సంతలో అరిచింది మాత్రం పెద్దమ్మ గుర్తొచ్చి.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. అరకు దాటాక కొండమీద ఒక ఊరావిడ. కొంచెం కాఫీ తోట, చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు, శుక్రవారం వస్తే సంతలో అల్లం, పసుపు. ఇంట్లో వాళ్ల కొండభాష, సంతలో మా తెలుగు. కిందటేడు వానల్లో పోయింది. పేరు రాయొద్దని ఆమె కోడలు అడిగింది కాబట్టి రాయను.

నేను చదివింది పళ్ల వైద్యం, చేరింది పరిశోధనలో. విశాఖపట్నంలో నోటి క్యాన్సర్ మీద పనిచేసే ఒక ల్యాబ్ మాది. ఎక్కువ రోజులు మైక్రోస్కోపు ముందు కూర్చుంటాను, నెలకోసారి అరకులో మా క్యాంపుకి వెళ్లి, ఆపరేషన్ అయినవాళ్ల నోళ్లూ మెడలూ తడిమి చూసి వస్తాను. అలా పరిచయమైంది పెద్దమ్మ.

అప్పటికే సర్జన్ గారు ఆమె అంగిలి, పై దవడలో ఒక పక్క తీసేశారు. ఆ తరవాత కరెంటు పెట్టారు, అంటే రేడియేషన్. నోట్లో పడిన కన్నానికి మూతగా, పళ్లతో కలిపి ఒక ప్లేటు చేసి ఇచ్చారు. ప్లేటు పెట్టుకుంటే ఆమె మాట అందరికీ అర్థమవుతుంది, తాగిన గంజి ముక్కులోంచి రాదు. తీసేస్తే మాటంతా ముక్కులోకి వెళ్లిపోయి ఒక్క ముక్క తెలిసేది కాదు. మిగతా పేషెంట్లు ఆ ప్లేటు కోసం ఏడ్చేవారు, గుచ్చుకుంటోందనీ, వదులైందనీ. పెద్దమ్మ దాన్ని వాడుకున్న తీరే వేరు. ఎదుటి మనిషి చెప్పేది నచ్చకపోతే బొటనవేలు లోపలికి పెట్టి టక్కున ప్లేటు ఊడదీసేది, చీర కొంగుతో తుడిచేది, రొండిన దోపుకునేది. ఇంక ఆ రోజుకి మాటల్లేవు. ఏమైనా అడిగితే ముక్కుతో ఏదో గునిసేది. తిడుతోందో దీవిస్తోందో మనమే ఊహించుకోవాలి.

ఒకసారి మా డైటీషియన్ అమ్మాయి పాపం ఎంతో ఓపిగ్గా మెత్తటి ఆహారం గురించి చెబుతోంది. సోళ్ల అంబలి, అదే రాగి జావ, మంచిదంటే బాగానే తలూపింది. పచ్చిమిరపకాయ తగ్గించమనగానే టక్. ఇంకోసారి సర్జన్ గారు స్వయంగా, "అమ్మా, బరువులు మొయ్యకు" అన్నారు. టక్. ఆయన తెల్లబోయి నావైపు చూశారు. "ఇంతే సార్, ఆవిడ ఆఫీసు మూసేసింది" అన్నాను.

కొండ దిగి పట్నం రావాలంటే కిరండూల్ రైలు. సొరంగం వచ్చినప్పుడల్లా పెద్దమ్మ నోటిమీద చెయ్యి అడ్డం పెట్టుకునేది. కుదుపుకి ప్లేటు ఊడి కిటికీలోంచి లోయలో పడిపోతుందని భయం. "అది పడిపోతే నా మాటలన్నీ కొండకి సెప్పుకోవాల. ఇంట్లో కోడలుందే, దానికెవులు సెప్తారు?" అనేది. కోడలు పక్కనే కూర్చుని నవ్వేది. ఆ ఇద్దరూ రోజూ పోట్లాడుకునేవాళ్లు, ఒకళ్లు లేకుండా ఒకళ్లు రైలెక్కేవాళ్లు కాదు.

ఇదంతా ముచ్చటగానే ఉంది. నాకు ఒళ్లు మండిన రోజు మాత్రం వేరే ఉంది. క్యాంపుకి వెళ్తే పెద్దమ్మ వరండా మెట్లమీద కూర్చుని, ప్లేటు రొండిన దోపి, చుట్ట నిప్పుని నోట్లో పెట్టుకుని హాయిగా పొగ వదులుతోంది. పొగ సగం ముక్కులోంచి వస్తోంది.

"పెద్దమ్మా! ఏం పని ఇది? ఆ చుట్టవల్లే కదా ఇంత జరిగింది!"

ఆమె తొందరపడలేదు. చుట్ట తీసింది, ఆర్పింది, ప్లేటు పెట్టుకుంది. "ఏటే గుంటా, ఊరికే అరుస్తావు? కాలీ సోటుని కోసీసి మీరే అట్టుకెల్లిపోనారు కదా. ఇంక కాల్డానికి నాకాడ ఏటున్నాది?"

మా వాళ్లు ఆపరేషన్ అయ్యాక, "మొత్తం తీసేశాం, భయం లేదు" అని ధైర్యం చెప్పారు. ఆ మాటని ఆమె ఉన్నది ఉన్నట్టు తీసుకుంది. చెడిపోయే చోటే లేనప్పుడు చెడిపోవడం ఎలాగ? అడ్డపొగ అలవాటున్న మనిషికి తప్ప ఇంకెవరికీ తట్టని లెక్క ఇది.

కూర్చోబెట్టి చెప్పాను. గడ్డలో ఉన్న కణాలన్నీ ఒక్క తీరువి కావు. చాలావాటికి ఊరికే పెరిగి చావడమే పని. వాటి మధ్య ఎక్కడో కొన్ని ఉంటాయి, మూలకణాల్లాంటివి. గడ్డని మొదలుపెట్టేవి అవేనని మా నమ్మకం. మందు పడినా కరెంటు తగిలినా మిగతావి చస్తాయి, ఇవి కదలకుండా పడుకుంటాయి. కోసినప్పుడు దొరక్కుండా తప్పించుకునేవి ఉంటాయి, మెడలోకో ఊపిరితిత్తుల్లోకో కొట్టుకుపోయి దిగబడేవి ఉంటాయి. ఎప్పుడు లేస్తాయో ఎవరూ చెప్పలేరు. లేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే నెలనెలా మెడ తడిమి చూస్తాం.

పెద్దమ్మ అంతా విని, "నువ్వు సూసీవా దాన్ని?" అంది.

"చూశాను. రోజూ చూస్తాను."

"మావోలు దాన్ని గెడ్డ దాటించీసినారు. నువ్వెక్కడ సూసీవు?"

గెడ్డంటే ఊరి పక్కన వాగు. వాళ్ల ఊళ్లో పెద్ద జబ్బు తగ్గితే దాన్ని సాగనంపుతారు. పూజలు చేసే దిసారి ఒక పాత చేటలో పసుపు బియ్యం, రోగి కట్టి విడిచిన గుడ్డ పెట్టించి, కోడిపిల్లతో సహా వాగు అవతలికి పంపిస్తాడు. దించి వచ్చినవాళ్లు వెనక్కి తిరిగి చూడరు. ఆ తరవాత ఇంట్లో ఎవరూ, "ఎలాగుంది నీ జబ్బు?" అని అడగరు. అడగడమంటే పిలవడమే. పెద్దమ్మకి ఆసుపత్రి నుంచి వెళ్లగానే అదంతా చేశారు. నేను నెలనెలా వెళ్లి అడుగుతున్నాను. నేనంటే ఆమెకి ఎందుకు చిరాకో అప్పుడు అర్థమైంది.

"సరే, మెడ చూడనీ" అన్నాను.

తడిమాను. దవడ కింద, ఎడమవైపు, నా వేలికింద ఏదో తగిలింది. శనగ్గింజంత ఉంది, గట్టిగా ఉంది, జరగడం లేదు. వేలు తీసి మళ్లీ పెట్టాను. ఉంది.

నా మొహం చదివేసింది పెద్దమ్మ. "ఏటి?" అంది.

"రేపు పట్నం రావాలి. సర్జన్ గారు చూడాలి."

"ఏటని అడిగినాను."

"తప్పించుకున్నదేదో మెడలో లేచినట్టుంది, పెద్దమ్మా."

కోడలు చేతిలో నీళ్ల సీసా కింద పెట్టేసింది. పెద్దమ్మ చెయ్యి ప్లేటువైపు వెళ్లింది, మళ్లీ ఆగింది. "నువ్వు రోజూ సూస్తన్నానన్నావు కదా. నాకు సూపించు. సూపిస్తే ఒస్తాను."

మర్నాడే దిగారు అత్తా కోడలూ. సర్జన్ గారు సూది పెట్టి పరీక్షకి తీశారు. అనుమానమేమీ మిగల్లేదు, అదే. మెడలో గ్రంథులు తీసెయ్యాలి, ఎంత బేగి తీస్తే అంత మంచిది, పక్కనే మెదడుకి నెత్తురు తీసుకెళ్లే పెద్ద రక్తనాళం ఉంది, గడ్డ దానికి అంటుకుందంటే ఇంక కత్తి పెట్టలేను అని చెప్పేశారు. పెద్దమ్మ సరే అనలేదు, కాదనలేదు. "ముందు సూపించు" అని నా వెంట నడిచింది.

ఆపరేషన్‌లో తీసిన ముక్కలోంచి కొంత మా ల్యాబ్‌కి ఇస్తారు. అంగిలి తీసినప్పుడు పెద్దమ్మనీ అడిగారు, ఒప్పుకుంది. పారేసేదాన్ని ఎవరు తీసుకుంటే ఏం అనుకుందట. ఆ ముక్కలోంచి విడదీసిన కణాలు చాలామందివి చచ్చిపోతాయి. పెద్దమ్మవి బతికాయి. పల్చటి గులాబీ రంగు నీళ్లలో, నానిన సగ్గుబియ్యంలాగ చిన్న చిన్న ఉండలు కట్టి తేలుతూ పెరిగాయి. అలా ఉండలు కట్టగలిగేవే మాకు కావలసినవి, ఆ పడుకుని లేచే జాతి.

పెద్దమ్మ స్టూలు వద్దంది. నిలబడే మైక్రోస్కోపులోకి వంగింది. చాలాసేపు చూసింది.

"ఇది నాదేనా?"

"నీదే."

"పేనమున్నాదా దీనికి?"

"ఉంది."

"ఏటి తింటన్నాది?"

"చక్కెర, ఉప్పులు, విటమిన్లు, ఇంకా పెరగడానికి కొన్ని మందులు. ఆ రంగు నీళ్లలో అన్నీ ఉంటాయి. పాతవి తీసేసి కొత్తవి పోస్తూంటాం."

"ఎవులు పోస్తారు?"

"నేనే."

పెద్దమ్మ మైక్రోస్కోపు దగ్గర్నుంచి గోడదాకా వెనక్కి వెళ్లిపోయింది. "నా రోగానికి కూడెడతన్నావేటే నువ్వు?" అంది. "మావోలు గెడ్డ దాటించి ఒగ్గీసినదాన్ని నువ్వు ఎత్తుకొచ్చి సాకుతున్నావా? సక్కెరెట్టి? ఓలమ్మో! అందుకే, అందుకే మెడకాడికొచ్చినాది. ఇక్కడ నువ్వు మేపుతుంటే అక్కడ నాకెలాగ తగ్గుద్దే?"

"అది వేరు, నీ మెడలోది వేరు పెద్దమ్మా. ఇది చచ్చినంత మాత్రాన అది చావదు. ఇది బతికినంత మాత్రాన అది పెరగదు."

"రెండూ నావే కదా!"

కాదని ఎలా అనను? రెండూ ఆమెవే. "సంపీండి దీన్ని. ఇది సస్తేగానీ నా మెడమీద సెయ్యెయ్యనివ్వను" అంది. టక్కున ప్లేటు తీసేసింది. కోడలు బతిమాలింది, నేను బతిమాలాను, సర్జన్ గారు వచ్చి కోప్పడ్డారు. ఆమె రొండిన చెయ్యి వేసుకుని, సాయంత్రంలోగా ఇల్లు చేరాలన్నట్టు తలుపువైపే చూస్తూ నిలబడింది. వెళ్లిపోయారు.

మా ల్యాబ్ నడిపే ప్రొఫెసర్ గారు ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. నేను ఆవిడ గదిలోకి వెళ్లి, ఆ కణాల్ని చంపేద్దామని గొంతు పెంచాను. ఆవిడ అంతా విని, "అడ్డపొగ అంగిటి గడ్డలోంచి ఇలా పెరిగింది మన దగ్గర ఇంకొకటి లేదు. దానిమీద మందులు పోసి చూస్తున్నాం. నువ్వే కదా చూస్తున్నావు. మందు పడితే దాదాపు అన్నీ చస్తాయి, కొన్ని మిగులుతాయి, మళ్లీ గిన్నె నిండుతుంది. ఆ మిగిలినవాటిని చంపేదేదో దొరికేదాకా ఇది కావాలి. ఇప్పుడు చంపితే ఆవిడ మెడలోది చస్తుందా?" అన్నారు.

"చావదు మేడం."

"మరి?"

"మరి మనిషి చస్తుంది మేడం! ఆవిడ రానంటోంది!"

"అయితే వెళ్లి చెప్పు. అర్థమయ్యేలా చెప్పు. ఆవిడకి చెప్పకుండా చంపడం సులువు. చెప్పి ఒప్పించడం మన పని" అన్నారు. ఆవిడ మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరక్క ఇంకా మండిపోయాను.

ముందు సంతకి వెళ్లాను. నన్ను చూడగానే పెద్దమ్మ అల్లం మూట కట్టేసి లేచిపోయింది. తరవాత వాళ్ల ఊరికే వెళ్లాను. కాఫీ పళ్లు కోసే రోజులు. ఘాట్ రోడ్డు వదిలి, ఆటో దిగి, ఆయాసపడుతూ తోటలోకి ఎక్కాను. పెద్దమ్మ నడుముకి బుట్ట కట్టుకుని, కొమ్మ వంచి ఎర్రపళ్లు మాత్రం కోస్తోంది. మెడ అటు తిప్పినప్పుడు కనిపించింది. శనగ్గింజ కాదిప్పుడు, ఉసిరికాయంత అయింది.

నేను నోరు విప్పకముందే ప్లేటు తీసి రొండిన దోపింది.

అయినా చెప్పాను. ఆమె చెట్టునుంచి చెట్టుకి పోతుంటే వెనకాలే పోతూ చెప్పాను. పడుకున్నవాటి గురించి చెప్పాను, మందు పోసినా లేచి గిన్నె నింపేవాటి గురించి చెప్పాను, వాటిని చంపేది వెతుకుతున్నామని చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. చివరికి, "చస్తావు పెద్దమ్మా! వినబడుతోందా? ఈ తోటలోనే చస్తావు!" అని అరిచేశాను. ఆమె ముక్కుతో ఏదో అంది. ఏమందో తెలియలేదు.

కోడలు బుట్ట దించి నా దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ మెత్తగా మాట్లాడే పిల్ల, కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "దిసారి కూడా సెప్పినాడు మేడమ్, ఆస్పత్రికి ఎల్లమనే సెప్పినాడు. ఆయన మాటా విననేదు. నాకొక్కటి సెప్పండి. మీ సీసాలో ఉన్నది మీకు ఎక్కువా, మాయత్త ఎక్కువా?"

"మీ అత్తే" అన్నాను.

"అయితే సంపీండి. అబద్దమో నిజమో, అదొక్కటే అడుగుతున్నాది కదా. రాత్రి అన్నం మింగలేకపోనాది. నాకు బయ్యిమేస్తన్నాది."

కొండ దిగుతూ ఫోను సిగ్నల్ దొరికిన చోట ఆగి ప్రొఫెసర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. తిట్టడానికి కూడా నాకు ఓపిక లేదు. "మెడలోది ఎంతుంది?" అని అడిగారు. చెప్పాను. "జరుగుతోందా?" తడమనివ్వలేదు, తెలియదన్నాను. అప్పుడు ఆవిడ, "ఇచ్చినావిడ వద్దంటే వద్దే. మనది కాదు అది. తీసుకురా. ఆవిడ ముందే చేద్దాం" అన్నారు. ఆ మాటన్నాక కూడా ఫోను పెట్టెయ్యలేదు. నేనే పెట్టేశాను.

చంపేస్తామంటే అత్తా కోడలూ వచ్చారు. ఆ ఉదయం సర్జన్ గారు కబురు పంపారు, థియేటర్ ఖాళీ పెట్టించాను, కానీ మెడ చూడకుండా మాటివ్వలేను అని. పెద్దమ్మ కింద సర్జన్ గారి దగ్గర ఆగలేదు, నేరుగా ల్యాబ్‌కి వచ్చింది.

గిన్నెలన్నీ బయటికి తీసి వరసగా పెట్టాను. "ఇయ్యేనా? ఇంకెక్కడా దాయనేదా?" అంది పెద్దమ్మ.

నేను నోరు తెరిచేలోగా ప్రొఫెసర్ గారే చెప్పారు. "ఉన్నాయమ్మా. చలిలో దాచినవి ఉన్నాయి." స్వయంగా వెళ్లి నైట్రోజన్ డబ్బా మూత తీశారు. తెల్లటి పొగ నేలమీదికి పొర్లింది. కోడలు అత్త చెయ్యి పట్టుకుంది. చిన్న చిన్న గొట్టాలు, ఒక్కటి కూడా మిగల్చకుండా తెచ్చి కరగబెట్టారు. అన్నీ ఒక పెద్ద గాజు పాత్రలో పోశాం. ఒక్క గిన్నె మాత్రం పెద్దమ్మ చూడాలంటే మైక్రోస్కోపు కింద ఉంచాను.

పోసింది మరుగుదొడ్లు కడిగే బ్లీచే. మా దగ్గర అలాంటివాటిని చంపడానికి అదే వాడతాం. గాజు పాత్రలో గులాబీ రంగు విరిగిపోయి మామూలు నీళ్లలా అయింది. మైక్రోస్కోపు కింద ఉండలు చెదిరిపోవడం పెద్దమ్మ కళ్లారా చూసింది. ప్రొఫెసర్ గారు కిటికీవైపు తిరిగి నిలబడ్డారు. నాకు ఏడుపొచ్చింది. ఎవరి కోసమని అడిగితే చెప్పలేను. ఎన్ని పొద్దులు చూసుకున్నానో వాటిని.

"అన్నీ సచ్చీనాయా?" అంది పెద్దమ్మ.

"అన్నీ."

"ఆ తొంగున్నయి కూడానా?"

ఉలిక్కిపడ్డాను. పడుకున్నవని తోటలో చెప్పిన మాట అది. "అవి కూడా" అన్నాను.

ఆమె మొహం విచ్చుకుంది. మైక్రోస్కోపు వదిలి, కొంగు జార్చి, మెడ నాముందుకి చాపింది. "అయితే మరి కోతలెందుకే! ఆ మందే నాకూ పోసీ. బేగి పోసీ."

కోడలు నావైపు ఆశగా చూస్తోంది. ఆ చూపు తట్టుకోలేక నేలచూపులు చూశాను.

"అది నీలో పోస్తే నువ్వూ చస్తావు పెద్దమ్మా. అది అన్నిటినీ చంపుతుంది. దాన్నీ, నిన్నూ."

"మరి దాన్ని ఒక్కదాన్నే సంపీసి నన్నొగ్గీసీ మందు?"

"ఇంకా లేదు. అది వెతకడానికే దీన్ని పెంచాం."

పెద్దమ్మ గాజు పాత్రలోకి చూసింది. అందులో ఇంకేమీ లేదు. చాలాసేపు చూసింది. తరవాత గబుక్కున నామీదికి తిరిగింది. "ముందే సెప్పొద్దేటే గుంటా!"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "చెప్పలేదా? తోటంతా నీ వెనకాల తిరిగి చెప్పలేదా? ప్లేటు తీసేసి కూర్చుంటే ఎవరు మాత్రం చెప్పగలరు!"

"పలేటు నోటికి కదే, సెవులకి కాదు. ఇన్నాను."

"విన్నావా? విని కూడా ఇదంతా చంపించావా?"

"నమ్మనేదు" అంది.

"ఇప్పుడు నమ్ముతున్నావా?"

"సంపమన్నాను, సంపీసినారు. ఆ మేడమ్ ఏడస్తన్నాది, నువ్వూ ఏడస్తన్నావు. దొంగలయితే సంపరు కదా." కొంగు మళ్లీ మెడచుట్టూ కప్పుకోబోయి ఆగింది. ఉసిరికాయంత గడ్డమీద తన వేళ్లు తనే పెట్టుకుని, ఉందో లేదో చూసుకున్నట్టు నొక్కి చూసుకుంది. నాకు చూపించింది. "ఇక్కడున్నాది కదా అదే. కోసి తీసుకోండి. ఈపాలి బాగా మేపండి."

ఆ మాట అని, సర్జన్ గది ఎటో నన్ను అడక్కుండానే మెట్లవైపు నడిచింది.